జపమాల కాదు, పురుళ్ళ తాడు

చోడవరం మఠంలో ఒక మంచానికి నులక తెగిపోయింది. అందుకని ఏసుమణిని పిలిచారు.

మఠం అన్న పేరే గాని అందులో ఇప్పుడు కన్యాస్త్రీలెవరూ లేరు. ముప్పై ఏళ్ళ కిందట సిస్టర్లు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాక, ఆ పొడుగాటి వరండా, పెంకుల కప్పు, చిన్న ప్రార్థన గది, వెనకాల ఆసుపత్రిగా వాడిన రెండు గదులు గబ్బిలాలకి మిగిలాయి. ఈమధ్యే ఊరి పెద్దలు కొందరు కమిటీ కట్టి, బాగుచేయించి, దాన్ని మ్యూజియం చేశారు. చుట్టుపక్కల ఊళ్ళ చరిత్రంతా ఇందులో ఉందని గేటు మీద పెద్దక్షరాలతో రాయించారు. చరిత్రంతా అంటే ఎవరెవరిది అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఏసుమణికి అరవై ఆరేళ్ళు. ఊరికి తూర్పున మాలపేటలో పుట్టింది, అక్కడే కాపురం చేసింది. బుచ్చయ్యపేట నించి కె.కోటపాడు దాకా ఆమె మంచం అల్లని ఊరు లేదు. గోగునార తడిపి, చీరి, పిక్క మీద పేని, నులక తీసి, మంచానికి బిగించేదాకా పనంతా ఆమె చేతుల మీదే. పెనిమిటి శామ్సన్ చెరుకు లారీ మీంచి పడి నడుం విరిగి పదకొండేళ్ళు లేవలేదు. ఆ పదకొండేళ్ళూ ఇంటిని లాక్కొచ్చింది ఆ నులకే. తరవాత ప్లాస్టిక్ నవారు వచ్చింది. పేటలో నులక పేనడం తెలిసిన మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే.

"నాను పోతే ఈ పని నాతోనే పోతాది. నన్ను కూడా ఏ గాజుపెట్టిలోనో ఎట్టేయండి" అని నవ్వుతుంది.

మ్యూజియం చూసుకునే శ్యామ్ సుందర్ మాస్టారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిది జరగనట్టే అనుకోవడం ఆయనకున్న జబ్బు. సిస్టర్లు పడుకున్న మంచానికి నవారు చుట్టించేద్దామని కమిటీ ప్రెసిడెంటు సత్యారావు అంటే, వీల్లేదు, గోగునారే కావాలని పట్టుబట్టింది ఆయనే. పై ఆదివారం ఆసుపత్రి గదిని జనానికి తెరవబోతున్నారు. ఈలోగా మంచం తయారు కావాలి.

సోమవారం పొద్దున్నే ఏసుమణి, నూకరత్నం నులక చుట్టలు భుజాన వేసుకుని మఠం గేటు దాటారు. నూకరత్నం వడ్డాదిలో కూరగాయలు అమ్ముతుంది. మంచం అల్లేటప్పుడు అవతల పక్క నులక లాగి పట్టేది ముప్పై ఏళ్ళుగా ఆవిడే.

"ఒసే ఏసుమణీ, మఠమంటే కాషాయం కట్టుకున్న సాములోరుంటారనుకున్నానే. ఈ తెల్లబట్టల అమ్మలెవరే?" గోడ మీద ఫొటో చూసి అడిగింది నూకరత్నం.

"సిస్టర్లే. మాయమ్మ ఈళ్ళ ఆసుపత్రిలోనే పన్జేసింది. పాతికేళ్ళు."

"మరయితే మీయమ్మ ఫొటో ఏదీ?"

ఏసుమణి నులక చుట్ట భుజం మార్చుకుంది.

వరండాలో ముందుగా కనపడేది సత్యారావు ఇచ్చిన ఎడ్ల గానుగ. దాని పక్కన మనిషెత్తు బోర్డు. సత్యారావు తాత పేరు, తండ్రి పేరు, సత్యారావు పేరు, వాళ్ళ చెరుకు తోటల వైభవం. ఆ గానుగ తిప్పిన ఎడ్ల పేర్లు కూడా రాశారు. బెల్లం వండిన మనుషుల పేర్లు మాత్రం లేవు.

ఆసుపత్రి గదిలో మంచం ఉంది. దాని మీద "కూర్చోరాదు" అని అట్ట.

"కూకోకండా మంచమెలా అల్లుతారే?" అంది నూకరత్నం. అట్ట తీసి మంచం కిందకి తోసేసింది. ఇద్దరూ పనిలో దిగారు.

మధ్యాహ్నం సద్ది తిన్నాక చేతులు కడుక్కుని వస్తూ ఏసుమణి మూలనున్న గాజుపెట్టె దగ్గర ఆగింది. అందులో గోగునార తాడు చుట్టలు చుట్టి పెట్టి ఉంది. ముప్పై మూరల పైనే ఉంటుంది. పొడుగునా ముళ్ళు. ఏసుమణి అయిదో తరగతి దాకా చదివింది. కింద అట్ట మీద ఉన్నది కూడబలుక్కుని చదివింది.

"సామూహిక జపమాల. కన్యాస్త్రీలు వలయంగా కూర్చుని ప్రార్థించడానికి వాడినది. తయారుచేసినవారు: తెలియదు."

ముందు పకపకా నవ్వింది. నూకరత్నం పరుగెత్తుకొచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఏసుమణి రెండు అరిచేతులూ గాజుకి ఆనించి నిలబడి ఉంది.

"ఏటే? ఏటయింది?"

"ఇది మాయమ్మ తాడే. మాయమ్మ పోయినప్పుడు సమాది పెట్టెలో ఎడదామని ఇల్లంతా ఎతికేను. ఇక్కడుంది సూడు. తెలియదంట! మాయమ్మ పేరు తెలియదంట!"

ఏసుమణి తల్లి చిన్నమ్మి మంత్రసాని. వేలిముద్ర మనిషి. సిస్టర్లు ఆసుపత్రి తెరిచినప్పుడు ఆమెను పనిలోకి తీసుకున్నారు. ఆసుపత్రికి వచ్చేవాళ్ళు కొందరైతే, రాలేని వాళ్ళ ఇళ్ళకి చిన్నమ్మే నడిచి వెళ్ళేది. వెళ్ళిన చోట ఆమెకి వీధి గుమ్మం లేదు. పెరటి దారిన లోపలికి పిలిచేవారు. బిడ్డని ఈ లోకంలో మొట్టమొదట తాకే చెయ్యి ఆమెదే. పురిటిస్నానం అయ్యాక అదే చెయ్యి ఆ ఇంటి చెంబు తాకకూడదు. ఇది కథల్లో మాట కాదు. ఆ చేతుల్లో పుట్టినవాళ్ళు ఇంకా మన మధ్య తిరుగుతున్నారు.

చిన్నమ్మికి అక్షరాలు రావు గాని లెక్క తప్పడం ఇష్టం లేదు. అందుకని ఒక తాడు పేనుకుంది. మఠంలో పనికి చేరిన రోజుకి గుర్తుగా సిస్టరమ్మ ఇచ్చిన నీలం గుడ్డపీలిక కట్టింది. అక్కణ్ణించి పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక గుర్తు. మగబిడ్డకి ఒక ముడి. ఆడబిడ్డకి జంట ముడి. కవలలకి ఉంగరంలా మెలిక. బతకని బిడ్డకి ముడిలో తెల్ల పీలిక. క్రిస్మస్ వచ్చినప్పుడల్లా ఒక ఎర్ర పోగు. ఆడపిల్లకి రెండు ముళ్ళెందుకని చిన్నప్పుడు ఏసుమణి అడిగితే చిన్నమ్మి చెప్పిన మాట ఇది: "గుంటడు పుట్టేడని ఊరంతా గుర్తెట్టుకుంటాది. గుంటని మనమే గట్టిగా కట్టుకోవాల."

ఏసుమణి ఆ సాయంత్రమే శ్యామ్ సుందర్ మాస్టారి బల్ల ముందు నిలబడింది.

"బాబూ, అది జపమాల కాదు. మాయమ్మ పురుళ్ళ తాడు."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "జపమాల అని మేమేదో ఊహించి రాయలేదమ్మా. మఠంలో దొరికింది. ముళ్ళున్నాయి. కాథలిక్ సంప్రదాయంలో..."

"మాది బాప్టిస్టు సంగం బాబూ. మాకు జపమాలేటి? మాయమ్మ ఈళ్ళ దగ్గర పన్జేసేది గాని ఆదివారం మా గుడికే వొచ్చేది. పోనీ జపమాలే అనుకోండి. జపమాలకి పూసలు లెక్కుంటాది కదా. దీనికి లెక్కెక్కడిది? ఒక దగ్గర ఒంటి ముడి, ఒక దగ్గర జంట ముడి. ఎవుడైనా అలాగ జపం సేస్తాడేటి?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ అనుమానం ఆయనకీ లోపల ఎక్కడో ఉన్నట్టుంది. చివరికి, "ఆధారం కావాలమ్మా" అన్నాడు.

"ఆధారం గాజుపెట్టిలో ఉంది. నాను సదువుతాను. మీరు సరిసూసుకోండి."

సరిచూసుకోవడానికి ఆయన దగ్గర ఒకటుంది. సిస్టర్ల పెద్ద మఠం నించి పోయిన నెలే వచ్చిన ఆసుపత్రి రిజిస్టరు. బీరువాలో తాళం వేసి ఉంది, కమిటీలో కూడా ఎవరూ చూడలేదు. ఏసుమణి ఆ తాడు చదివితే అది రిజిస్టరుతో కలవాలి, లేకపోతే లేదు. ఆయనకి ఆ ఆలోచన నచ్చింది. కానీ పెట్టె తెరవాలంటే ప్రెసిడెంటు ఒప్పుకోవాలి.

"శుక్రవారం బోర్డులు అచ్చుకి వెళ్ళిపోతాయి. గురువారం కమిటీ ఉంది. సత్యారావుగారిని అడిగి చూడు" అన్నాడు.

సత్యారావు ఇంటికి వాళ్ళు వేరే పని మీద వెళ్ళవలసొచ్చింది. బుధవారం మంచం పూర్తయింది. మంచంకోళ్ళు పట్టుకుని దాన్ని గోడవారకి జరపబోయి నూకరత్నం "ఓలమ్మో" అని వంగినది వంగినట్టే ఉండిపోయింది. నడుం పట్టేసింది.

ఆ చుట్టుపక్కల నడుం పడితే ఆసుపత్రికి వెళ్ళరు, సత్యారావు దగ్గరికి వెళతారు. ఆయన ఎదురుకాళ్ళతో పుట్టాడు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు కాలితో నడుం తాకితే పట్టు వదులుతుందని జనానికి నమ్మకం. మాస్టారు కూడా పోయిన వేసవిలో రెండుసార్లు తాకించుకున్నాడని, అది ఏ కాగితం మీదా లేదు గాని, ఊరంతటికీ తెలుసు.

సత్యారావు అరుగు మీద కుర్చీలోంచి లేచి, పంచె కొద్దిగా ఎత్తి, కుడి కాలితో నూకరత్నం నడుం మీద మూడుసార్లు తట్టాడు.

"ఎలాగుందే?"

"కాస్త ఒదిలింది బాబూ. మీ కాలు సల్లగుండ."

ఆ కాలిని ఆయన మెచ్చుకోలుగా చూసుకుంటూ ఉండగా ఏసుమణి అడిగింది. తాడు సంగతి, తల్లి పేరు సంగతి. విన్నాక ఆయన నవ్వాడు.

"మంత్రసానికి మ్యూజియంలో బోర్డేటే? రేపు సాకలోళ్ళు, మంగలోళ్ళు కూడా వొస్తారు."

"రానీండి బాబూ. ఆళ్ళూ ఈ ఊరోళ్ళే కదా."

"మాటలు బాగా నేర్సినావు. మీయమ్మ పేటలో ఏవో పురుళ్ళు పోసింది, కాదన్ను. ఊరోళ్ళకి డాక్టర్లొచ్చేవోరు. నాను పుడితే మా నాన్న ఇశాపట్నం నించి లేడీ డాక్టర్ని కారులో తెచ్చేడు. తెలుసా?"

లోపల గుమ్మం దగ్గర ఆయన అక్క మంగాయమ్మ ముక్కుపొడి పీలుస్తూ కూచుని ఉంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. తమ్ముడి మాటకి ఆవిడ తల ఎత్తింది, ఏదో అనబోయి తుమ్మింది.

ఏసుమణి ఆ కుడి కాలిని చూస్తోంది. ఆమెకి ఒక ముడి గుర్తొచ్చింది. తల్లి దాన్ని ఎడమ చేత్తో, వెనక నించి ముందుకి వేసేది. ఎదురు ముడి అనేది.

"బాబూ, రేపు నన్ను ఒక్కసారి సదవనీండి. తప్పయితే ఆ జపమాల బోర్డు నానే నా సేతుల్తో తగిలిస్తాను. మరింక ఈ గుమ్మం తొక్కను."

"నిజమేనా?"

"నిజమే."

సత్యారావుకి పందేలంటే ఇష్టం. సరేనన్నాడు.

గురువారం కమిటీకి ఏడుగురు వచ్చారు. ఆసుపత్రి గదిలో కుర్చీలు వేశారు. సత్యారావుతో పాటు మంగాయమ్మ కూడా వచ్చింది, ఎవరూ పిలవకపోయినా. మాస్టారు తెల్ల చేతితొడుగులు వేసుకుని గాజుపెట్టె తెరిచాడు. తాడు ముట్టుకోవడానికి ఏసుమణికి కూడా ఒక జత ఇవ్వబోయాడు.

"తొడుగులేసుకుంటే ముడి మాటాడదు బాబూ" అని ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

కుర్చీ చూపించారు. అక్కర్లేదంది. గది నడిమధ్య నేల మీద మఠం వేసుకుని కూచుని తాడుని ఒళ్ళోకి తీసుకుంది. ముప్పై నాలుగేళ్ళ కిందట పోయిన తల్లి చెయ్యి దొరికినట్టుంది ఆమెకి.

నీలం పీలిక దగ్గర మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడుముతూ చదివింది.

"గుంటడు. గుంట. గుంట. గుంటడు... ఇదిగో మెలిక, కవలలు. ఇద్దరూ గుంటలే. గుంటడు, బతకలేదు నాయన."

మాస్టారు రిజిస్టరులో వేలు పెట్టి వెంట వస్తున్నాడు. "మగ. ఆడ. ఆడ. మగ. కవలలు, ఆడపిల్లలు. మగ..." అని ఆగి మెల్లగా, "చనిపోయినట్టు రాసుంది" అన్నాడు.

పది కలిశాయి. ఇరవై కలిశాయి. కుర్చీలు ముందుకి జరిగాయి. సత్యారావు ఒక్కడూ వెనక్కి ఆనుకుని కూచున్నాడు.

"అన్నిటికీ పక్కన సి అని రాసి ఉంది" అన్నాడు మాస్టారు కమిటీకి వివరిస్తున్నట్టుగా. "సి అంటే కాథలిక్. అంటే తల్లి కాథలిక్ అని. మ్యూజియం కోసం రాస్తున్న మన పుస్తకంలో కూడా అలాగే రాశాను."

రెండో ఎర్ర పోగు దాటింది. 1959. "గుంట. గుంటడు. గుంటడు. గుంట."

"ఒక్క నిమిషం." మాస్టారు వేలు ఆగింది. "ఫిబ్రవరి రెండున మగపిల్లాడు. తరవాతది పదకొండున. అదీ మగపిల్లాడే. మధ్యలో ఆడపిల్ల ఎవరూ లేరమ్మా."

ఏసుమణి మళ్ళీ తడిమింది. "ఉందండి. జంట ముడి. ఇదిగో."

"రిజిస్టరులో లేదు."

సత్యారావు తొడ చరిచాడు. "అదీ! దొరికిపోయింది. ఒంటి ముడి, జంట ముడి అని ఏదో పాట పాడేసింది గాని, కలిసినన్నాళ్ళు కలిసింది. ఇంక లే. మాస్టారూ, బోర్డు ఆ మనిషికివ్వండి, తగిలిస్తాది."

గదిలో ఎవరూ కదల్లేదు. ఏసుమణి కూడా లేవలేదు. ఆ ముడి మీదే బొటనవేలు ఉంచి కూచుంది. తక్కిన ముళ్ళన్నీ బిగుతుగా, రాయిలా ఉన్నాయి. ఇది ఒక్కటే వదులుగా ఉంది. బలం లేని చెయ్యి వేసిన ముడి.

"బాబూ," అంది మాస్టారితో, "ఆ పుస్తకంలో పురుళ్ళు కాకండా ఇంకేటీ రాయలేదా? ఆ రోజుల్లో ఏటి జరిగిందో సూడండి."

రిజిస్టరు వెనక పేజీల్లో ఆసుపత్రి రోజువారీ సంగతులు ఉన్నాయి. ఏ మందు అయిపోయింది, ఏ కిటికీ విరిగింది. మాస్టారు వాటి జోలికి ఎన్నడూ పోలేదు. ఇప్పుడు తిప్పాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని పైకి తెలుగులో చదివాడు.

"ఫిబ్రవరి అయిదు. సి పనికి రాలేదు. ఆరు. సి రాలేదు. ఏడు. సి రాలేదు, మనిషిని పంపాము. ఎనిమిది..." పేజీని కళ్ళకి దగ్గరగా తీసుకున్నాడు. "ఎనిమిది. సి వచ్చింది. పొత్తిళ్ళలో తన బిడ్డతో వచ్చింది. ఆడపిల్ల. వద్దన్నా వినలేదు, సాయంత్రం దాకా పని చేసింది."

ఏసుమణి సంచిలోంచి ఆధార్ కార్డు తీసింది. ఆమె వయసు వాళ్ళకి పేటలో సగం మందికి పుట్టినరోజు జనవరి ఒకటే. రాసుకున్నవాడు ఏది తోస్తే అది రాశాడు. ఏసుమణి కార్డు మీద మాత్రం అయిదు, రెండు, పంతొమ్మిది వందల యాభై తొమ్మిది అని ఉంది. బడిలో చేర్చిన రోజున చిన్నమ్మి పట్టుబట్టి రాయించిన తారీకు.

"ఆ ముడి నానే బాబూ. మాయమ్మ పురుడు మాయమ్మే పోసుకుంది. మీ పుస్తకంలో నాను లేను. ఇందులో ఉన్నాను."

మాస్టారు కార్డు చూశాడు, రిజిస్టరు చూశాడు. అక్షరాలు నమ్మే మనిషికి అక్షరాలే ఎదురు నిలబడి చెప్పాయి.

"కాథలిక్ పనికి రాలేదు అని ఎవరూ రాయరు కదా" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "సి అంటే మతం కాదు. మనిషి. సి అంటే చిన్నమ్మి." చేతితొడుగులు విప్పేసి జేబులో కుక్కుకున్నాడు. "నాదే తప్పు. మ్యూజియం పుస్తకమంతా తిరగ రాస్తాను."

కమిటీ గోలగోలగా మాట్లాడడం మొదలుపెట్టింది. అందులో సత్యారావు గొంతు పైకి లేచింది.

"సరేనయ్యా, ఒప్పుకున్నాం. పేరు రాయండి. ఎక్కడో కింద సిన్నక్షరాల్తో రాయండి. పేటలో మంత్రసాని, పేటోళ్ళకి పురుళ్ళు పోసింది. దానికి గానుగంత బోర్డెందుకు? ఊరోళ్ళకి డాక్టర్లే..."

"ఆగండి బాబూ. ఇంకా సదవడం అవలేదు" అంది ఏసుమణి.

ఎర్ర పోగులు లెక్కపెట్టుకుంటూ తాడుని చేతుల్లోంచి జార్చింది. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరో పోగు దాటాక వేలు నెమ్మదించింది. ఏడోది రాకముందే ఒక చోట ఆగింది.

"ఇది సూడండి. అన్ని ముళ్ళూ కుడి పక్కకి తిరిగుంటాయి. ఇదొక్కటి ఎడం పక్కకి. ఎదురు ముడి. గుంటడే. కాళ్ళు ముందొచ్చిన గుంటడు. అరవై మూడులో, ఆనాకాలంలో."

మాస్టారు పేజీలు తిప్పుతుంటే గదిలో కాగితం చప్పుడు ఒక్కటే వినిపించింది. "1963 ఆగస్టు. మగబిడ్డ. కాళ్ళు ముందు. ఇంటి దగ్గర. సి ఒక్కతే వెళ్ళింది. వాగు పొంగింది, సిస్టరు దాటలేకపోయారు." తరవాత ఇంటి పేరు చదివాడు. అది వరండాలో గానుగ పక్కనున్న బోర్డు మీద ఉన్న పేరే.

ఎవరూ సత్యారావు ముఖం చూడలేదు. అందరూ కాలు చూశారు.

"మా నాన్న లేడీ డాక్టర్ని..." అన్నాడాయన.

"లేడీ డాక్టరు లేదు, నీ బొంద లేదు!" మంగాయమ్మ ముక్కుపొడి డబ్బా మూత టక్కున వేసింది. "నాకప్పుడు పద్నాలుగేళ్ళురా. దీపం పట్టుకున్నది నానే. కాళ్ళు బైటికొచ్చి నువ్వు లోపలుండిపోతే అమ్మ సచ్చిపోతాదని నాన్న అరుగు మీద కూకుని ఏడిసేడు. నడుముల్లోతు నీళ్ళలో సిన్నమ్మి వొచ్చింది. పెరటి తలుపు తీసింది నానే. నిన్ను తిప్పి, లాగి, నోట్లో ఊది బతికించింది. వాగు దిగేక నాన్న కారులో డాక్టరమ్మని తెచ్చేడు, నిజమే. నీకప్పటికి నాలుగు రోజులు. ఆవిడొచ్చి నీకు సుక్కల మందిచ్చి ఎల్లిపోయింది. అరవై ఏళ్ళై ఈ అబద్ధం ఇంటన్నాను. నా సెవులు సిల్లులడిపోయేయి."

నూకరత్నం నడుం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "అయితే బాబూ, నా నడుం ఒదిలింది మీ కాలి మహిమ కాదన్న మాట. ఆ కాలు బైటికి లాగిన సేతి మహిమ."

గది గొల్లుమంది. నవ్వకూడదని పెదవి కరుచుకున్న మాస్టారు కూడా నవ్వేశాడు. సత్యారావు చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్ళిపోతాడనుకున్నారు. ఆయన కుర్చీలోంచి లేచి, రెండడుగులు వేసి, పంచె సర్దుకుని, కష్టం మీద మోకాళ్ళు వంచి ఏసుమణి ఎదురుగా నేల మీద కూచున్నాడు.

"ఏదీ," అన్నాడు. "ఎక్కడ?"

ఆమె ఆయన వేలు పట్టుకుని ఆ ముడి మీద పెట్టింది. ఏ ఇంటి పెరటి గుమ్మం దగ్గర తన తల్లి నీళ్ళోడుతూ నిలబడిందో ఆ ఇంటి మనిషి వేలు. ఆయన చాలాసేపు తీయలేదు.

"బిగుతుగుంది" అన్నాడు చివరికి.

"మాయమ్మ ముడి అలాగే ఉంటాది."

"ఏసుమణమ్మా, బోర్డు ఎంతుండాల?"

ఏటే అన్న నోరు అమ్మా అంది. ఏసుమణి దానికి పొంగిపోలేదు. ఆ మాట తల్లికి ఎప్పుడో రావలసింది, ఆలస్యంగా వచ్చింది, అంతే.

"గానుగంత" అంది.

కమిటీ వాళ్ళు ఒకరొకరే కుర్చీలు వదిలి కిందకి దిగారు. అప్పటికే మంగాయమ్మ ఆమె పక్కన చేరి తన పిల్లల ముళ్ళు ఎక్కడున్నాయో వెతికిస్తోంది. ఎవరి తల్లులు, ఎవరి అన్నలు, ఎవరి చెల్లెళ్ళు అని అడుగుతూ ఊరి పెద్దలంతా మఠం వేసుకుని చుట్టూ కూచున్నారు. మాస్టారు అట్ట మీద రాసినట్టే, వలయంగా.

ఆదివారం గది తెరిచారు. గాజుపెట్టె పక్కన గానుగ బోర్డుకి ఒక్క అంగుళం తగ్గకుండా కొత్త బోర్డు నిలబడింది. మాస్టారు రాసి తెచ్చినదాన్ని ఏసుమణి రెండుసార్లు కొట్టేయించి మార్పించింది. "సేవకురాలు" అన్న మాట తీయించింది. "మహాతల్లి" కూడా తీయించింది. "పని పేరు రాయండి, సాలు" అంది. చివరికి ఇలా ఉంది:

"పురుళ్ళ తాడు. చేసినది చిన్నమ్మి, మంత్రసాని, మాలపేట, చోడవరం. 1957 నించి 1982 దాకా ఆమె పురుడు పోసిన తొమ్మిది వందల నలభై ఒక్క మంది బిడ్డల లెక్క ఇందులో ఉంది. చదివినది ఆమె కూతురు ఏసుమణి."

జనం వచ్చారు. బుచ్చయ్యపేట నించి ఆటోలు కట్టుకుని, వడ్డాది నించి బైకుల మీద, కె.కోటపాడు నించి ఒక ముసలాయన ఇద్దరు మనవరాళ్ళ భుజాలు పట్టుకుని. పేట మొత్తం పాటలు పాడుకుంటూ వచ్చింది, ఈసారి వీధి గుమ్మంలోంచి. ఎవరి సంవత్సరం వాళ్ళు చెబుతుంటే ఏసుమణి ఎర్ర పోగులు లెక్కపెట్టి ముడి చూపించింది. అరవై దాటిన ఆడమనిషి ఒకావిడ తన జంట ముడి తాకి, "నాకు రెండేటి?" అని అడిగింది. ఏసుమణి కారణం చెప్పింది. ఆవిడ వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళంతా దాన్ని ఒకరికొకరు చెప్పుకున్నారు. మాట గేటు దాకా పాకింది. గేటు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి సత్యారావు మనవలతో వచ్చాడు. జనంలోంచి దారి చేసుకుని గాజుపెట్టె ముందు నిలబడి, "అదిగో, ఆ ఎడం పక్క ముడి, అది తాతయ్య" అని ఉత్సాహంగా కాలు ఎత్తబోయాడు.

"సేత్తో సూపించండి బాబూ" అంది నూకరత్నం. "మహిమ సేతిదే."